తప్పు బొమ్మది

మా శ్రీశైలం ఏ వస్తువునూ పూర్తిగా చూపించడు. రెప్ప ఒక్కసారి పడి లేచేంత సేపు చూపిస్తాడు, చటుక్కున దాచేస్తాడు, "ఏం కనవడ్డది?" అని అడుగుతాడు. ఇది అతని జబ్బు. జబ్బంటే అతనికి కోపం, పరీక్ష అనాలట. కోరుట్లలో ఆ పరీక్షకు కూర్చోని మనిషి లేడు. పాసైనవాళ్లే తక్కువ.

మావి పక్కపక్క దుకాణాలు. అతనిది ఫ్లెక్సీ బ్యానర్లు చేసే దుకాణం. నాది 'సుమిత్ర మ్యాచింగ్ సెంటర్'. చీరె తెచ్చి ముందు పెడితే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, ఫాల్, దారం రంగుకు రంగు కలిపి ఇస్తాను. వయసులో పెద్దదాన్ని కాబట్టి అతను నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. మా మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. గాలి కోసం పెట్టించుకున్నాను గానీ, ఇంతవరకు అందులోంచి గాలి వచ్చింది లేదు. వస్తే శ్రీశైలం చెయ్యే వస్తుంది. చేతిలో ఏదో బొమ్మ ఉంటుంది. నేను చూసేలోపు చెయ్యి వెనక్కిపోతుంది, ప్రశ్న ముందుకొస్తుంది.

అతని భార్య వసంత పెళ్లయిన కొత్తలో ఈ పరీక్షలకు బెదిరిపోయేదట. తర్వాత విద్య నేర్చుకుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి, మూత తెరిచి, టక్కున మూసి, "ఏం కనవడ్డది?" అని అడిగేది. సరైన జవాబు చెబితేనే అన్నం. ఒకనాడు అతను వంకాయ కూరను చూసి చేపల పులుసన్నాడు. ఆశ కొద్దీ అన్నాడనుకోండి. వసంత డబ్బా తీసుకుని నా దుకాణంలోకి వచ్చి కూర్చుంది. ఇద్దరం తిన్నాం. కిటికీలోంచి అతను చూస్తూనే ఉన్నాడు.

మొగిలయ్య సంగతి ఇంకా విచిత్రం. ఆయన ముత్యంపేట నుంచి తండ్రి సంవత్సరీకానికి బ్యానర్ చేయించుకోవడానికి వచ్చాడు. శ్రీశైలం కంప్యూటర్ మీద బొమ్మ చూపించి, తెరకు తువ్వాల అడ్డం పెట్టి, మామూలు ప్రశ్న వేశాడు. మొగిలయ్య కాసేపు ఆలోచించి, "మా మేనమామ," అన్నాడు. వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. శ్రీశైలం నవ్వలేదు.

"తప్పు నీది గాదు, బొమ్మది," అన్నాడు.

ఎవరు ఎంత తప్పు జవాబు చెప్పినా అతను అనేది ఆ ఒక్క మాటే. తండ్రి బొమ్మ పెద్దది చేసి మళ్లీ చూపించాడు. మొగిలయ్యకు ఈసారి ఎవరో నాయకుడు కనబడ్డాడు. ఇంకా పెద్దది చేశాడు. చివరికి బ్యానర్ నిండా ఆ పెద్దాయన ముక్కూ మీసమే మిగిలాయి, పేరు రాయడానికి చోటు లేదు. సంవత్సరీకం నాడు వచ్చిన చుట్టాలు ఆ మీసానికే దండం పెట్టుకుని భోజనాలకు కూర్చున్నారని విన్నాను.

ఇంత పరీక్ష పెట్టే మనిషి తయారు చేసే బ్యానర్లు మాత్రం ఒక్కటీ ఆ పరీక్షలో నెగ్గవు. అది అతని తప్పు కాదు, మా దిక్కు ఆచారం. పుట్టినరోజు బ్యానరంటే మధ్యలో పిల్లవాడు ఒక్కడే ఉంటే చాలదు. కింద గుండ్రాల్లో తాతలు, మామలు, బాబాయిలు, వాళ్ల స్నేహితులు అందరూ ఉండాలి. ఒక్క బామ్మర్ది బొమ్మ తప్పిపోయినా ఆ ఇంట్లో ఏడాది మాటలుండవు. అరచేయంత ఖాళీ కనబడితే, "గీడ జాగున్నదిగదా, మా చిన్నాయన్ను పెట్టు," అంటారు. శ్రీశైలం గుండె రాయి చేసుకుని పెడతాడు. అలా పెట్టీ పెట్టీ అతని చేతికి కూడా ఖాళీ అంటే భయం పట్టుకుంది.

ఇక నా సంగతి కొంచెం చెప్పాలి. రంగుల విషయంలో నా కన్ను గట్టిదని ఊళ్లో పేరు. పేరు పెట్టింది నేనే అయినా, అందరూ ఒప్పుకున్నారు. ఈ మధ్యనే కొందరు జాకెట్టు గుడ్డలు తిరిగి తెచ్చి, ఇంట్లో చూస్తే రంగు కలవలేదని పేచీ పెట్టడం మొదలుపెట్టారు. ట్యూబులైటు మహిమ అన్నాను. కంపెనీలు రంగులు సరిగా అద్దడం లేదన్నాను. శ్రీశైలం అది విని, తన దుకాణం ముందున్న పెద్ద లైటును మా వైపు తిప్పేశాడు. ఆ వేడికి ఫ్లెక్సీలు పాడవుతున్నాయట, అందుకని తిప్పాడట. వసంత అయితే నేను కలిపిచ్చిన జాకెట్టుతో వాళ్ల చుట్టాల పెళ్లికి వెళ్లి వచ్చింది. ఎవరో వంక పెట్టబోతే, గిప్పుడు గిదే ఫ్యాషన్ అని నోరు మూయించిందట. నాకు ఒళ్లు పొంగిపోయింది.

ఇలా ఉండగా వానలు వెనక్కి తగ్గే రోజుల్లో శ్రీశైలం మేనకోడలు తేజస్విని ల్యాప్‌టాప్ సంచీతో సిరిసిల్ల నుంచి వచ్చి దిగింది. వాళ్ల నాన్న దశరథానికి అక్కడ మరమగ్గాలున్నాయి. మా దిక్కు వాటిని సాంచాలంటారు. పిల్ల కంప్యూటర్లు చదివింది. ఎవరి సాయమూ లేకుండా ఒక ఫోన్ ఆట తయారు చేసింది. దాని పేరు 'కండె'. సాంచాలో అడ్డదారం కోసం దారం చుట్టి పెట్టే పుల్లనే కండె అంటారు. ఆటలో పైనుంచి రంగురంగుల దారాలు వస్తుంటాయి. ఏ రంగు దారం ఆ రంగు కండెకు చుట్టాలి. ఆలస్యమైతే సాంచా ఆగిపోతుంది. నేను ఒక్కసారి ఆడి చూద్దామని మొదలుపెట్టి, ముగ్గురు గిరాకీలను వెనక్కి పంపించాను. ఆకుపచ్చా నీలమూ దగ్గర మాత్రం ప్రతిసారీ ఓడిపోయాను. ఆటలో రంగులు సరిగ్గా పెట్టలేదని పిల్లకు సలహా కూడా ఇచ్చాను.

ఆట బాగుంది. ఆడేవాళ్లే లేరు. ప్లే స్టోర్‌లో ప్రతి ఆటకూ ఒక చిన్న బొమ్మ ఉంటుంది, ఐకాన్ అంటారట. జనం వేలితో తోసుకుంటూ పోతారు, ఆ బొమ్మ ఆపితే ఆగుతారు, లేకపోతే లేదు. కండె దగ్గర ఎవరూ ఆగడం లేదు. దశరథం చెడ్డ తండ్రేమీ కాదు. "ఆట మంచిగనే ఉంది బిడ్డా, ఆడేటోళ్లేరి?" అన్నాడంతే. సద్దుల బతుకమ్మ దాకా చూస్తానన్నాడు. అప్పటికీ జనం రాకపోతే హైదరాబాదులో వచ్చిన ఉద్యోగంలో చేరిపోవాలి. ఆ ఉద్యోగం ఏమిటంటే, ఇంకెవరో చేసిన ఆటల మీద జనం రాసే ఫిర్యాదులకు రోజంతా జవాబులివ్వడం. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల మొహం చూడాలి, పక్కింటి పెళ్లికి ఎంగిలాకులు ఎత్తమన్నట్టుగా ఉంది.

శ్రీశైలం కోడలి ఫోన్ తీసుకుని కిటికీలోంచి నాకు చూపించి లాగేశాడు.

"ఏం కనవడ్డదక్కా?"

"మాడిపోయిన చపాతి," అన్నాను.

తేజస్విని తల పట్టుకుంది. అది చపాతీ కాదు, సాంచా. ఇరుసులూ, పట్టాలూ, పలకలూ ఒక్కటి విడవకుండా వారం రోజులు కూర్చుని గీసిందట. కంప్యూటర్ తెర మీద ఎంతో అందంగా ఉంది. స్టోర్‌లో చొక్కా గుండీ అంత అయ్యేసరికి నల్లగా ముద్దయిపోయింది.

"తప్పు నీది గాదక్కా, బొమ్మది," అన్నాడు శ్రీశైలం. తర్వాత కోడలి వైపు తిరిగి, ఆ బొమ్మ కుదిరేదాకా తను గడ్డం గీయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు వల్ల బొమ్మకు ఏం లాభమో ఎవరికీ తెలియలేదు గానీ, గడ్డం పెరిగేసరికి గిరాకీలు అతను కొండగట్టు అంజన్న మాల వేసుకున్నాడనుకుని, "స్వామీ," అని పిలవడం మొదలుపెట్టారు. బ్యానర్ల బేరాలు కూడా మర్యాదగా సాగాయి.

మొదటి బొమ్మ తనే చేస్తానన్నాడు. చెయ్యి ఫ్లెక్సీలకు అలవాటు పడిన చెయ్యి. మధ్యలో సాంచా పెట్టాడు. నాలుగు మూలలా కండెలు పెట్టాడు. పైన తేజస్విని పట్టా పుచ్చుకుంటున్న ఫోటో పెట్టాడు. కింద ఒక గుండ్రంలో దశరథం, ఇంకో గుండ్రంలో దశరథం తల్లి వజ్రమ్మ. వెనక సూర్యకిరణాలు. ఒక మూల ఇంకా కాస్త చోటు మిగిలితే 'ఆడండి, ఆడించండి' అని రాశాడు. ఇదంతా గుండీ అంత చోటులో. కిటికీలోంచి చెయ్యి వచ్చింది, పోయింది.

"బిర్యానీ," అన్నాను.

"సరిగ్గ యాజ్జేసుకో అక్కా."

"ముక్కలు గూడ కనవడ్డయ్ తమ్మీ."

తేజస్విని వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. "మామా, గీడ చుట్టాలు లేరు. ఒక్కటే పెడుదం. ఒక్క కండె," అంది. ఖాళీ చోటు వదలడం శ్రీశైలానికి ప్రాణం మీదికి వచ్చింది. రెండుసార్లు, "గీ మూలకు చిన్న పువ్వు," అని గొణిగాడు. పిల్ల వినలేదు. మామ పట్టుదల గడ్డంలో కనబడితే కోడలిది దవడలో కనబడింది.

ఒక్క కండె బొమ్మతో ఇద్దరూ ఊళ్లు తిరిగారు. కోరుట్ల నుంచి జగిత్యాల బస్సులో కండక్టర్ భూమేశ్ మొదట దొరికాడు. శ్రీశైలం ఫోన్ చూపించి దాచి, ప్రశ్న వేస్తే, "నీ బొటనవేలు," అన్నాడు భూమేశ్. ఫోన్ పట్టుకోవడంలో వేలు అడ్డం పడిందట. "తప్పు నీది గాదు," అనబోయి శ్రీశైలం మొదటిసారి ఆగిపోయాడు, తప్పు నిజంగానే వేలిది. జగిత్యాల బస్టాండులో ఒకామె దాన్ని మిరపకాయ అంది. కాలేజీ పిల్ల ఒకతి గొట్టం మాత్ర అంది. ఒక పెద్దాయన అయితే ఆ మాత్ర రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలని అడిగి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ కబుర్లలో బస్సు తప్పిపోయింది.

ఉత్త కండెకు ప్రాణం లేదని తేజస్వినికి అప్పుడు అర్థమైంది. మిగతా ఆటల బొమ్మలు ఎలా ఉన్నాయో చూద్దామని అన్నింటినీ ఒక పెద్ద ఫ్లెక్సీ మీద వరుసలుగా ముద్రించారు. మధ్యలో ఒక గడి ఖాళీగా ఉంచి దుకాణం గోడకు కట్టారు. తమ బొమ్మ విడిగా బాగుంటే చాలదు, ఆ గుంపులో కూడా తెలియాలి కదా. ఆ ఫ్లెక్సీ చూస్తే నాకు దడుపు పుట్టింది. ప్రతి బొమ్మలోనూ ఒక మొహం, ప్రతి మొహానికీ గుహలా తెరిచిన నోరు.

శ్రీశైలం రోడ్డు అవతలి దాకా వెళ్లి అక్కడినుంచి చూసి వచ్చాడు. "అందరు ఒర్రుతున్నరు బిడ్డా. మనది నోరు మూసుకుంటే ఎట్లుంటది?"

ఆ మాట పట్టుకుని తేజస్విని మర్నాడే సిరిసిల్ల బస్సెక్కింది. వాళ్ల నాయనమ్మ వజ్రమ్మ ఈ వయసులో కూడా కండెలు చుడుతుంది. చుట్టేటప్పుడు దారం తెగితే, తెగిన కొసను పెదాల మధ్య పట్టి, ఒక కన్ను మూసి, రెండో కొసను వెతుకుతుంది. అది దొరికే వరకు ఇంటికి ఎవరొచ్చినా మాట్లాడదు. సిరిసిల్లలో కండెలు చుట్టే ఆడవాళ్లందరూ అంతే. మనుమరాలు ఎదురుగా కూర్చుని, నాయనమ్మ మూతినే గీసింది. ఒక కన్ను మూసుకుని, కొస పెదాలతో బిగించి పట్టుకున్న ఎర్రటి కండె. నేల పచ్చగా ఉంటుందని వెనకాల ఆకుపచ్చ రంగు వేసింది.

ముందు వజ్రమ్మకే చూపించిందట. "నా మూతి గట్లనే ఉంటదానే?" అని ఆమె అద్దం తెప్పించుకుంది. సాంచాల దగ్గర చాయ్ హోటల్లో చూపిస్తే ఒకడు మా అమ్మ అన్నాడు, ఇంకొకడు మా అక్క అన్నాడు, హోటల్ నడిపే రాధమ్మ, "గిది నేనే," అని ఫోన్ తిరిగి ఇవ్వనంది. కండక్టర్ భూమేశ్ కూడా ఈసారి వేలు కాకుండా, కోపంగా ఉన్న ఆడమనిషిని చూశాడు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మూడు ఊళ్లూ పాసయ్యాయి. మిగిలింది కిటికీ.

"ఏం కనవడ్డదక్కా?"

"పాలకూర."

"ఇంకేం కనవడలేదా?"

"ఇంకేముంది? పాలకూర కట్ట. అంతే."

బతుకమ్మ పూలు అప్పటికే బజార్లోకి వచ్చేశాయి. సద్దుల నాటికి గట్టిగా వారం కూడా లేదు. గోడ అవతల తేజస్విని గొంతు తగ్గించే మాట్లాడింది గానీ, కిటికీ అన్న తర్వాత వినబడకుండా ఉంటుందా.

"మామా, ఊరంత పాసైంది. పెద్దమ్మ ఒక్కతే ఫెయిల్. గామె కోసం ఆగుతమా?"

"ఆగుతం."

"ఎందుకు? నాకు దినాలు లెవ్వు."

"అక్కకు కనవడ్డదంటే అందరికి కనవడ్డట్టే. గా బొమ్మను స్టోర్ల ఎవ్వలు మంచి ఎల్తుర్ల కూసొని చూడరు బిడ్డా. ఎండల చూస్తరు, బస్సుల చూస్తరు, ఫోన్ అద్దం పగిలినోళ్లు చూస్తరు. తప్పు బొమ్మది."

నేను గల్లా పెట్టె సర్దుకుంటూ గర్వంగా నవ్వుకున్నాను. నా కంటికి ఉన్న విలువ అలాంటిది. మూడు ఊళ్లు ఒక ఎత్తు, నేనొక్కదాన్నే ఒక ఎత్తు.

తేజస్విని ఆ రోజు అన్నం తినలేదు. బొమ్మను ఎటు తిప్పి చూసినా ఆమెకు బాగానే కనబడుతోంది. చివరికి విసుగొచ్చి రంగులన్నీ తీసేసి, పాత ఫోటోలాగా తెలుపు నలుపుల్లోకి మార్చి చూసింది. చూసి, కుర్చీలోంచి లేచింది. ఎర్ర కండె లేదు, ఆకుపచ్చ నేల లేదు. రెండూ కలిసి ఒకే బూడిద. రంగులు వేరైనా వాటి వెలుగు ఒక్కటే అన్నమాట. కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, నువ్వు చెప్పిందే నిజం, గది పాలకూరనే," అంది. నేను పెద్దరికంగా తలూపాను. ఏం ఒప్పుకుంటున్నానో నాకు తెలియదు.

నేలను నేరేడు పండు రంగులోకి మార్చింది. కండెకు లేత పసుపు దారం చుట్టింది. కనుబొమను కొంచెం లావు చేసింది. దారం కొసను మూలదాకా సాగదీసింది. శ్రీశైలం మిగతా చోటంతా ఖాళీగా ఉన్నా నోరెత్తలేదు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గోడ మీద ఫ్లెక్సీలో ఖాళీ గడిలో అతికించారు. ఒర్రే మొహాల మధ్య అదొక్కటే నోరు బిగించి కూర్చుంది.

కిటికీలోంచి చెయ్యి వచ్చింది, పోయింది.

"ఒక ఆడామె," అన్నాను. "నోట్ల దారం వట్టుకుంది. గా దారం అతికేదాక ఎవ్వల మాట ఇనదు."

అవతల తేజస్విని ఏడ్చిందో నవ్విందో చెప్పలేను. శ్రీశైలం మాత్రం ఆ సాయంత్రమే గడ్డం గీయించుకున్నాడు. బజార్లో ఇద్దరు ముగ్గురు, స్వామి మాల అప్పుడే ఎందుకు తీశాడని ఆరా తీశారు.

స్టోర్‌లో ఒక ఏర్పాటు ఉందట. వచ్చినవాళ్లలో సగం మందికి పాత బొమ్మ, సగం మందికి కొత్తది చూపించి, ఎక్కడ ఎక్కువమంది ఆగుతున్నారో చెబుతుంది. "మన మామ పరీక్షనే, జర పెద్దది," అంది తేజస్విని. రెండు మూడు రోజుల్లోనే తేలిపోయింది. పాత సాంచా దగ్గర ఎప్పటిలాగే ఎవరూ లేరు. నోరు బిగించినామె దగ్గర జనం ఆగుతున్నారు, ఆగినవాళ్లు ఆట దించుకుంటున్నారు. అయినా పిల్ల ఊపిరి పీల్చుకోలేదు. అంకెలు ఎన్ని చెప్పినా దశరథం ఒప్పుకోవాలి కదా.

దశరథం సద్దుల ముందురోజు కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చాడు. మొహం చిటపటలాడుతోంది. మేమందరం నిలబడిపోయాం. వసంత ఇచ్చిన చాయ్ కూడా ముట్టుకోకుండా జేబులోంచి ఫోన్ తీశాడు.

"గా హైదరాబాదోళ్లకు రానని చెప్పు బిడ్డా," అన్నాడు. "ముందుగాల గీ ఆటను జర అల్కగ, సులువుగ చెయ్యి. మా సాంచాల కాడ అందరు దీన్నే వట్టుకొని కూసున్నరు. పని సాగుతలేదు."

శ్రీశైలం తల వంచి బావ ఫోన్‌లోకి చూశాడు. అందులో ఆట సగంలో ఆగి ఉంది. "బావా, నువ్వెన్నో మెట్టు మీదున్నవ్?" అని అడిగాడు. దశరథం ఫోన్ జేబులో పెట్టుకుని, చాయ్ చల్లారిపోతోందని వసంతను కోప్పడ్డాడు.

కథ ఇక్కడ ఆపితే నా పరువు నిలిచేది. కానీ పండుగ వెళ్లిన తర్వాత శ్రీశైలం కిటికీలోంచి ఈసారి చెయ్యి కాకుండా తలే పెట్టాడు. జగిత్యాలలో ఫ్లెక్సీ రోల్స్ కొనాలట. తెలుపుల్లో ఏది మంచి తెలుపో చెప్పే కన్ను నాదేనట. ఇంత న్యాయమైన మాట అన్నాక వెళ్లకుండా ఎలా ఉంటాను? ఇస్త్రీ చీరె కట్టుకుని భూమేశ్ బస్సులోనే వెళ్లాను. జగిత్యాలలో దిగి నాలుగడుగులు నడిచాక అతను నన్ను ఒక మెట్ల దగ్గర ఆపాడు. పైన పెద్ద కన్ను బొమ్మ ఉంది. అంత పెద్దది కాబట్టి నాకు కూడా కనబడింది.

నేను వెనక్కి తిరిగేలోపు తలుపు దగ్గరున్న నర్సు అతన్ని పలకరించింది.

"ఏం శ్రీశైలన్నా, గీసారి ఎవల్ని తోల్కచ్చినవ్? మొగిలయ్యకు మంచిగ కనవడుతున్నదా? గా సిరిసిల్ల అవ్వ మళ్ల కండెలు చుడుతున్నదా?"

గడ్డం లేకపోవడం వల్ల మొహం దాచుకోవడానికి చోటు దొరక్క శ్రీశైలం నేలకేసి చూశాడు.

లోపల డాక్టరు నా ఒక కన్ను మూసి, గోడ మీద అక్షరాలు చూపించి, "ఏం కనబడుతోందమ్మా?" అన్నాడు. ఇన్నేళ్లు ఆ ప్రశ్న కిటికీలోంచి విన్నదాన్ని, ఎంత ధీమాగా జవాబు చెప్పాలి? "అక్షరాలు తప్పున్నయ్ సార్," అన్నాను. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయట. ఆకుపచ్చా నీలమూ కలిసిపోవడం అందుకేనట. ఆపరేషన్ చేస్తే ఇట్టే పోతాయన్నాడు.

బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. రోడ్డు చూశాం. నాకది కూడా సరిగా కనబడటం లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"ఎప్పటి సంది తెలుసు తమ్మీ నీకు?"

"వసంత ఆకుపచ్చ చీరెకు నువ్వు నీలి జాకెట్ ఇచ్చిన కాంచి."

ఆ జాకెట్టుతోనే కదా వసంత పెళ్లంతా తిరిగింది. గిప్పుడు గిదే ఫ్యాషన్ అంది. లైటు మా వైపు తిరగడం కూడా ఆ పెళ్లి తర్వాతే.

"ముందుగాల్నే చెప్పకపోయినవ్?"

"కోరుట్లల నీ కన్నంత కన్ను ఎవ్వలకు లేదంటవ్ గదక్కా. ఎట్ల చెప్పాలె?" అన్నాడు. మళ్లీ తనే, "తప్పు బొమ్మదంటే ఎవ్వలకు బాధగాదు. బొమ్మకు గూడ గాదు," అన్నాడు.

రెండు కళ్లకూ ఒకటి తర్వాత ఒకటి ఆపరేషన్ అయింది. కట్లు విప్పి దుకాణానికి వచ్చి చూసుకుంటే, నీలి గుడ్డల అరలో సగం ఆకుపచ్చవే కూర్చుని ఉన్నాయి. ఒక పూటంతా వాటిని విడదీసి ఎవరి అరలోకి వాళ్లను పంపించాను. వసంతకు అసలైన ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తీసి ఇస్తే, వద్దంది. నీలి జాకెట్టు చూసి వాళ్ల చుట్టాల్లో నలుగురు అలాగే కుట్టించుకున్నారట, ఇప్పుడు మారిస్తే బాగుండదట.

అదే రోజు శ్రీశైలం నన్ను బయటకు పిలిచాడు. దుకాణం ముందు ఒక పెద్ద బ్యానర్ కట్టి, మీద దుప్పటి కప్పి ఉంచాడు. తేజస్వినికి అభినందనలట. పక్కన వసంత, తేజస్విని నిలబడి ఉన్నారు. పిల్ల ముందుగానే చూసినట్టుంది, పెదాలు బిగించి, అచ్చం వాళ్ల నాయనమ్మలాగే ఉంది. శ్రీశైలం దుప్పటి ఎత్తాడు, దించాడు.

ఈసారి నాకు అన్నీ కనబడ్డాయి. మధ్యలో తేజస్విని, చుట్టూ సూర్యకిరణాలు. నాలుగు మూలలా నాలుగు కండెలు. కింది వరుస గుండ్రాల్లో దశరథం, వజ్రమ్మ, వసంత, రాధమ్మ, మొగిలయ్య, కండక్టర్ టోపీతో భూమేశ్. ఆ చివర కంటికి కట్టుతో నేను. ఆ ఫోటో ఎప్పుడు తీశాడో దేవుడికే తెలియాలి. నా కట్టుకూ గుండ్రం అంచుకూ మధ్య గోరంత ఖాళీ మిగిలితే అక్కడ ఒక చిన్న పువ్వు పెట్టాడు. నెలరోజులు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ కసి అంతా ఇక్కడ తీర్చుకున్నాడు.

"ఏం కనవడ్డదక్కా?"

"బిర్యానీ," అన్నాను.

అతని మొహంలో రంగు పోయింది. లోపలికి వెళ్లి బండి తాళంచెవి తెచ్చాడు. జగిత్యాల డాక్టరు ఎన్నింటిదాకా ఉంటాడో అని వసంతను అడుగుతున్నాడు.

"కూసో తమ్మీ," అన్నాను. "నా కండ్లు మంచిగనే ఉన్నయ్. గీసారి నిజంగనే తప్పు బొమ్మది."